బోరాన్‌కు ఒక ఓ తక్కువ

మా కళాశాల రసాయనశాస్త్ర ప్రయోగశాల వెనక ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న గది ఒకటి ఉంది. అందులో ఒక కిటికీ, ఒక తొట్టి, ఒక స్టూలు, గోడకు బిగించిన ఇనప చట్రం మీద ఒక స్టిల్. కుళాయి నీటిని మరిగించి, ఆవిరిని చన్నీటి గొట్టాల మీదుగా నడిపి, తిరిగి నీరుగా మార్చే యంత్రాన్ని మేము స్టిల్ అంటాం. గంటకు నాలుగు లీటర్ల చొప్పున, లవణాలు లేని నీరు చినుకు చినుకుగా కింద పెట్టిన గాజు జాడీలో పడుతుంది. ఆ యంత్రం దగ్గర ముప్ఫై ఒక్క సంవత్సరాలుగా పనిచేస్తున్న అటెండరును అందరూ స్టిల్లయ్య అనేవారు. హాజరు పట్టీలో ఆయనకు వేరే పేరుండేది. కొత్తగా వచ్చిన గుమాస్తా ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఆయన ఒక్క క్షణం ఆలస్యంగా పలికేవారు.

నేను డెమాన్‌స్ట్రేటరుగా చేరిన నాటికి ఆయన వయసు యాభై ఆరు. సన్నటి మనిషి, కుడి చేతి మీద పాత ఆవిరి మచ్చ. ఆయన పనిలో మూడు నియమాలు గమనించాను. మొదట వచ్చిన అరలీటరు నీటిని పారబోసేవారు. జాడీ నిండాక పరీక్షనాళికలో అయిదు మిల్లీలీటర్లు తీసుకుని, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేసి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకునేవారు. నీటిలో ఉప్పు జాడ ఏమాత్రం ఉన్నా తెల్లటి మబ్బు కమ్ముతుంది. మబ్బు లేదని తేలాకనే జాడీ మీద తేదీ రాసేవారు. ఇక మూడోది, హీటరు నడుస్తున్నంత సేపూ స్టూలు మీది నుంచి లేచి గది దాటేవారు కాదు. కుళాయి ఒత్తిడి తగ్గితే బాయిలరులో నీటిమట్టం పడిపోతుంది, హీటరు తీగ కాలిపోతుంది. మట్టం చూపే గాజు గొట్టం మీద ఆయన కళ్లు నిమిషానికోసారి వాలేవి. మాట్లాడుతున్నా వాలేవి.

ఆయన ఒక్కరే ఉండేవారు. భార్య పోయి అప్పటికి ఆరేళ్లు. పిల్లలు లేరు. ఒకసారి జ్వరంతో మూడు రోజులు రాకపోతే హెడ్ గారు నన్ను చూసి రమ్మన్నారు. సైకిళ్లు బాగుచేసే దుకాణం పైన ఒకే గది, బయట పదకొండు మెట్లు. లోపల మంచం, స్టవ్వు, ఒక కంచం, రెండు గ్లాసులు. రెండు గ్లాసులనూ కడిగి బోర్లించారు, కానీ ఒకదాని అడుగున మాత్రమే తడి ఉంది. భార్య ఉన్నన్నాళ్లు ఇంటి తాళంచెవి తన దగ్గర ఉండేదే కాదని, అవసరం రాలేదని ఆయన చెప్పారు. ఇప్పుడు అది స్టిల్ గది తాళంచెవితో కలిపి ఒకే దారానికి వేలాడుతోంది.

“రెండూ ఒకేలా ఉంటాయి మేడమ్. సాయంత్రం కాలేజీదాన్ని ఇంటి తాళానికి పెట్టి తిప్పుతూ నిలబడతా. కింద సైకిలాయన నవ్వుతాడు, స్టిల్లయ్యా ఇంకా కాలేజీ వదల్లేదా అని.”

ఆదివారాలు ఏం చేస్తారని అడిగాను. సోమవారం కోసం చూస్తానన్నారు. అందులో నిష్ఠూరమేమీ లేదు. అడిగినదానికి జవాబు చెప్పారు, అంతే.

ఆయన చదువు అయిదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం సీసాల మీది చీటీల వల్ల బాగా వచ్చు. ఎంత పొడవు పేరయినా అక్షరం అక్షరం కూడబలుక్కుని సరైన అరలోంచి సరైన సీసా తీసేవారు. వాక్యం మాత్రం చదవలేరు. “నాకు ఇంగ్లీషులో విషాల పేర్లు తప్ప ఇంకేం రావు మేడమ్,” అనేవారు.

‘స్టిల్’ అన్న ఒక్క మాట మీద ఆయన చదువు మొదలైంది మార్చి నెలలో, స్టాకు తనిఖీ రోజున. భౌతికశాస్త్ర విభాగం నుంచి వచ్చిన లెక్చరరు మా సామాను ఒక్కొక్కటే చూసి రిజిస్టరులో ఇంగ్లీషులో రాసుకుంటూ వెళ్లారు. స్టిల్ దగ్గర ‘స్టిల్, ఒకటి, స్టిల్ వర్కింగ్’ అని రాసి, అటెండరు సంతకం కోసం పుస్తకం అక్కడే వదిలారు. స్టిల్లయ్య సంతకం పెట్టలేదు. పుస్తకం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

“సార్ పొరపాటున రెండుసార్లు రాశారు మేడమ్. మన దగ్గరున్నది ఒకటే కదా. రేపు రెండోది ఏదంటే నేను ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

మొదటిది యంత్రం పేరనీ, రెండోదానికి ‘ఇంకా’ అని అర్థమనీ, యంత్రం ఇంకా పనిచేస్తోందని ఆయన రాశారనీ చెప్పాను. స్టిల్లయ్య ఆ రెండు మాటలనూ ఒకదాని కింద ఒకటి వేలితో తడిమారు. అవే అక్షరాలు, అదే వరస.

“మాట ఒకటే, పని వేరన్నమాట. మన స్టోర్ కీపర్ లాగా. సంతకానికి ఒక మనిషి, సామాను మొయ్యడానికి ఇంకో మనిషి.”

స్టోర్ కీపరు పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. “విన్నానయ్యా స్టిల్లయ్యా,” అన్నాడు తలెత్తకుండా. “వచ్చే నెల సబ్బు అడుగు, చెప్తా.”

ఆ మధ్యాహ్నం ఆయన పాత ప్రాక్టికల్ రికార్డులోంచి ఖాళీ కాగితాలు చింపి, దారంతో కుట్టి, చిన్న నోటుపుస్తకం చేసుకున్నారు. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో రెండు పంక్తులు రాశారు. ఒకటి, స్టిల్ అంటే మన మిషను. రెండు, స్టిల్ అంటే ఇంకా. మిగిలిన పేజీ ఖాళీగా వదిలారు. ఒక్క మాట కోసం అంత జాగా ఎందుకని నేను అడగలేదు. రెండు రోజుల తరవాత ఆయనే చెప్పారు.

ఆ రోజు ఒక ద్రావణానికి నీరు తక్కువై, ఫ్లాస్కు పట్టుకుని స్టిల్ గదికి వెళ్లాను. చినుకులు పడేచోట ఫ్లాస్కు పెట్టి నిలబడ్డాను. ఆయన మట్టం గొట్టం చూస్తూ, ఆ మాట తన కూతురి కాగితంలో కూడా ఉందన్నారు.

కూతురు ఉన్నట్టు నాకు తెలియదు. ఆయన ఇరవై నాలుగేళ్ల కిందటి సంగతి చెప్పారు. భార్యను పురిటికి పుట్టింటివారి ఊళ్లో ఆస్పత్రిలో చేర్చారు. ఇక్కడి నుంచి బస్సులో గంటా పది నిమిషాల దారి. ఆ రోజు పదకొండింటికి ప్రాక్టికల్ పరీక్షలు. పదహారు లీటర్ల నీరు కావాలి. పొద్దున అయిదున్నరకు హీటరు వేశారు. ఏడుకు పది నిమిషాలుందనగా గేటు దగ్గరి ఫోనుకు కబురొచ్చింది. వాచ్‌మన్ నవ్వుకుంటూ పరిగెత్తుకొచ్చి, ఆడపిల్ల పుట్టిందట, త్వరగా రమ్మన్నారట, అని చెప్పాడు. అంతకు మించి అవతలివాళ్లు చెప్పలేదో, అతను వినలేదో తెలియదు. మంచి కబురే కదా, జాడీ నింపేసి బయల్దేరదాం అనుకున్నారు స్టిల్లయ్య. స్టిల్ నడపడం తెలిసిన రెండో మనిషి కళాశాలలో లేడు. తొమ్మిదిన్నరకు జాడీ నిండింది. ఆస్పత్రికి చేరేసరికి పదీ నలభై. అప్పటికి పాప లేదు. బావమరిది ఒక గుడ్డలో చుట్టి తీసుకెళ్లి పది నిమిషాలైంది.

“నాలుగు గంటలు నా ఒళ్లోనే ఉంది. ఇప్పుడే తీసుకెళ్లారు, అంది మా ఆవిడ. ఇంకేం చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎంత అడిగినా అక్క ఇవ్వలేదు బావా, అన్నాడు బావమరిది తరవాత. ఎలా ఇస్తుంది మేడమ్, నాలుగు గంటల పిల్లని.”

ఆ నాలుగు గంటల లెక్క ఆయన దగ్గర చాలా కచ్చితంగా ఉంది. పాప పుట్టింది ఆరూ ఇరవై అయిదుకు. కబురు అందింది ఆరూ యాభైకి. అప్పుడే లేచి ఏడు గంటల బస్సు ఎక్కి ఉంటే ఎనిమిదింబావుకు ఆస్పత్రిలో ఉండేవారు. పాప కళ్లు తెరిచి ఉండగా రెండు గంటలకు పైగా దొరికేది. ఈ లెక్కను ఆయన ఎన్నిసార్లు వేసుకున్నారో ఆ చెప్పడంలోనే తెలిసింది. అంకెల దగ్గర ఎక్కడా తడుముకోలేదు. హీటరు వేశాక గది దాటని అలవాటు కూడా ఆ తరవాతిదేనట. “అంత చేసి కూర్చున్నాక, ఇప్పుడు దీన్ని వదిలి టీకి వెళ్తే ఏం బాగుంటుంది?” అన్నారు.

ఆస్పత్రివాళ్లు ఇచ్చిన కాగితాన్ని భార్య తన పెట్టె అడుగున పెట్టింది. ఆమె పోయాక ఆయన దాన్ని ఫిల్టరు కాగితాల అట్టపెట్టెలోకి మార్చారు. అందులో ఆయనకు తెలిసిన మాటలు కొన్ని ఉన్నాయి. ఆడపిల్ల అని ఒకచోట, ఆరూ ఇరవై అయిదని ఒకచోట, రెండు పాయింట్ మూడు కిలోలని ఒకచోట. అన్నిటికంటే పెద్ద అక్షరాలతో ‘స్టిల్’ అని ఒకచోట.

“తండ్రి ఏం చేస్తాడని అడిగుంటారు. మా బావమరిది స్టిల్ దగ్గర అని చెప్పుంటాడు. పాపకి పేరు కూడా పెట్టలేదు, నా పని మాత్రం ఇంగ్లీషులో ఎక్కింది. పక్కనే బోరాన్ అని కూడా రాశారు. అదెందుకో తెలీలేదు.”

“బోరానా?”

“ఆ. మన మూడో అల్మారాలో ఉందిగా, అదే అక్షరాలు. ఆస్పత్రి కదా, బోరిక్ పౌడరు లాంటి మందేదో రాసుంటారు అనుకున్నా.”

ఆ కాగితం నేను చూడలేదు. చూడవలసిన అవసరం లేకపోయింది. బోరాన్‌లో ఎన్ని అక్షరాలున్నాయో, ఆస్పత్రి కాగితంలో ఆడపిల్ల అన్న మాట తరవాత ‘స్టిల్’ పక్కన రాయగలిగిన మాట ఏదో నాకు తెలుసు. చెప్పడానికి సరైన క్షణం అదే. ఫ్లాస్కులో నీరు గీత దాటింది. ఫ్లాస్కు తీసుకుని వచ్చేశాను.

తరవాతి ఆరు వారాలు ఆయన ఆ మాట వెంట పడ్డారు. ఎక్కడ ‘స్టిల్’ కనిపించినా, వినిపించినా వచ్చి చెప్పేవారు. ఇంకేమైనా అర్థాలున్నాయా అని అడిగేవారు. ఎందుకని అడిగితే, పాప కాగితంలో ఉన్నది మొదటి అర్థమో కాదో తేల్చుకోవాలన్నారు. మాటకు ఒకే అర్థం ఉందనుకున్నన్నాళ్లు అనుమానం రాలేదట. రెండున్నాయని తెలిశాక నిద్రలో కూడా వస్తోందట. సీసా మీది చీటీ మీద అనుమానం వస్తే సీసాను పారబోయాలి, లేదా పరీక్ష చేయాలి. అది ఆయనకు నేర్పిన పద్ధతి.

నేను అర్థాలు ఒక్కొక్కటే ఇచ్చాను, అదీ ఆ కాగితానికి దూరంగా ఉన్నవి ముందు. ‘అయినా’ అన్న అర్థం చెప్పాను. వాన పడింది, స్టిల్ ఆయన వచ్చాడు. వాన పడింది, అయినా వచ్చాడు. మూడో పంక్తి రాసుకున్నారు.

నాలుగోది ఆయనే తెచ్చారు. ఏప్రిల్‌లో మా విభాగానికి ఉపన్యాసం ఇవ్వడానికి ఒక పెద్దమనిషి వచ్చారు. ఆయన కోసం తెప్పించిన నీళ్ల సీసాల మీద ‘స్టిల్ వాటర్’ అని ఉంది. సభ అయ్యాక మిగిలిన సీసా ఒకటి స్టిల్లయ్య చేతికి వచ్చింది. పావుగంట తరవాత నా బల్ల దగ్గరికి పరీక్షనాళికతో వచ్చారు. అందులోని నీరు పాలల్లే తెల్లగా ఉంది.

“ఒక్క చుక్కకే ఇంత మబ్బు మేడమ్. ఇది స్టిల్ నీళ్లేంటి? మన పేరు పెట్టుకుని కుళాయి నీళ్లు అమ్ముతున్నారు.”

మొహంలో నిజమైన కోపం ఉంది. ముప్ఫై ఒక్క సంవత్సరాలు రోజూ చేసిన పరీక్షను వాళ్లు ఎగతాళి చేసినట్టు తోచిందేమో. స్టోర్ కీపరు దూరం నుంచి, “కేసు పెట్టు స్టిల్లయ్యా, సాక్ష్యం నేను చెప్తా,” అన్నాడు. అది మన యంత్రం నుంచి వచ్చిన నీరని అర్థం కాదని చెప్పాను. ‘కదలని’ అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. బుడగలు లేని నీళ్లు, గ్యాసు కలపని నీళ్లు అన్నాను. అది తప్పు కాదు. పూర్తి కూడా కాదు.

“అంటే ఊరికే ఉండే నీళ్లా?”

“అలాంటివే.”

“మరి మన స్టిల్ ఊరికే ఉండదే,” అని గొణుక్కుంటూ నాలుగో పంక్తి రాసుకున్నారు.

అయిదోది నా చేతుల్లో లేకుండా పోయింది. సంవత్సరం చివర విభాగం అంతా కలిసి ఫొటో దిగడం మాకు అలవాటు. ప్రయోగశాల మెట్ల మీద మూడు వరసల్లో నిలబడ్డాం. స్టిల్లయ్య వెనక వరసలో కుడి చివర. ఫొటోగ్రాఫరు కెమెరా వెనక నుంచి చెయ్యెత్తి, “అందరూ స్టిల్,” అన్నాడు. స్టిల్లయ్య వెంటనే ఒక మెట్టు దిగి, “ఏంటి బాబూ?” అన్నారు. అదే క్షణంలో కెమెరా నొక్కుకుంది.

వరసలన్నీ నవ్వాయి. హెడ్ గారు కూడా నవ్వారు. స్టిల్లయ్య అందరికంటే ఎక్కువ నవ్వారు.

“నిన్ను పిలవలేదయ్యా మహానుభావా,” అన్నాడు స్టోర్ కీపరు. “స్టిల్ అంటే కదలకుండా ఉండమని. నిన్ను తప్ప అందర్నీ అన్నాడు.”

“కదలకుండానా?”

“కదలకుండా. మెదలకుండా. బొమ్మలా.”

నేను ముందు వరసలో ఉన్నాను. వెనక్కి తిరిగి చూశాను. ఆయన మెట్టెక్కి తన చోట నిలబడ్డారు. నవ్వు మొహం మీద ఇంకా ఉంది, కానీ అది ఎవరి కోసమూ కాదు. రెండో ఫొటోలో ఆయన ఎంత కదలకుండా ఉన్నారంటే, మిగిలిన మా అందరి కంటే స్పష్టంగా పడ్డారు. మొదటి ఫొటో కూడా ఫొటోగ్రాఫరు ఇచ్చాడు. అందులో కుడి చివర ఒక మసక చార ఉంటుంది.

అది శుక్రవారం. శని, ఆదివారాలు ఆయన ఎలా గడిపారో తెలియదు. సోమవారం పది గంటలకు హీటరు వేసిన చప్పుడు విన్నాను. పదకొండు దాటాక స్టిల్ గదిలోంచి, “మేడమ్, ఒకసారి వస్తారా, నేను లేవకూడదు,” అని పిలిచారు.

తొట్టి గట్టు మీద ఫిల్టరు కాగితాల అట్టపెట్టె, నోటుపుస్తకం, మూడో అల్మారాలోని బోరాన్ సీసా వరసగా పెట్టి ఉన్నాయి. అట్టపెట్టెలోంచి కాగితం తీసి, నాలుగు మడతలూ విప్పి, సీసా పక్కన పరిచారు.

“బోరాన్‌కి రెండు ఓలు మేడమ్. దీంట్లో ఒకటే ఉంది. ఇన్నాళ్లూ డాక్టరు తొందర్లో ఒకటి మింగేశాడనుకున్నా. ఇది వేరే మాట కదా?”

కాగితం పసుపు తిరిగింది, మడతల దగ్గర సిరా పోయింది. ఆ రెండు మాటలు మాత్రం చెక్కుచెదరలేదు.

“వేరే మాటే,” అన్నాను. “బార్న్. పుట్టడం అని.”

ఆయన నోటుపుస్తకం తెరిచారు. మొదటి పంక్తి మీద వేలు పెట్టి, తల అడ్డంగా ఊపారు. రెండో పంక్తి దగ్గర, “ఇంకా పుట్టడం,” అని, కాదనుకున్నారు. మూడో దాని దగ్గర, “అయినా పుట్టింది,” అన్నారు. అక్కడ వేలు కాసేపు ఆగింది. అది సరిపోతుందేమోనని ఆయన ఆశించారని నాకనిపించింది. తరవాత నాలుగో పంక్తి దాటి అయిదో దాని మీదికి వెళ్లింది. ఆ పంక్తి శుక్రవారం రాసినట్టుంది, మిగిలిన వాటి కంటే అక్షరాలు చిన్నవి.

“కదలకుండా పుట్టింది. ఇదేనా మేడమ్?”

ఆయనకు అర్థమైపోయింది. అయినా ఆ మాట ఆయన చేతే అనిపించి తప్పుకోవడం ఇక న్యాయం కాదు. ఆరు వారాలు తప్పుకున్నాను.

“అదే. పుట్టేసరికే ప్రాణం లేదు. ఆ రెండు మాటలూ కలిపి రాస్తే డాక్టర్ల భాషలో అదొక్కటే అర్థం. ఇంకోటి లేదు.”

కండెన్సరు కొసన చినుకులు పడుతున్నాయి. ఆయన కళ్లు అలవాటుగా మట్టం గొట్టం మీదికి వెళ్లి, తిరిగి కాగితం మీదికి వచ్చాయి.

“ఆరూ ఇరవై అయిదుకే?”

“ఆరూ ఇరవై అయిదుకే.”

“వాచ్‌మన్ నాకు చెప్పేసరికి ఆరూ యాభై.”

“అవును.”

“అప్పటికప్పుడు ఏడు గంటల బస్సెక్కినా?”

“ఎక్కినా ఇంతే. అంతకు ముందు రోజే వెళ్లి అక్కడ కూర్చున్నా ఇంతే.”

“అయితే నేను పాపకి ఆలస్యం చెయ్యలేదు.”

“లేదు,” అన్నాను.

ఆయన కాగితాన్ని మడతలు పెట్టసాగారు. ఒకటి, రెండు. ఇరవై నాలుగేళ్లుగా మోసిన తప్పు ఆయనది కాదని తేలింది. ఆ సంగతి ఆరు వారాల ముందే చెప్పి ఉండవలసిందని నన్ను నేను నిందించుకున్నాను, అంతకు ముందు కొంచెం తేలిక పడ్డాను కూడా. మూడో మడత దగ్గర ఆయన చేతులు ఆగిపోయాయి.

“నాలుగు గంటలు నా ఒళ్లోనే ఉంది, అంది మా ఆవిడ. అంటే పాప నాలుగు గంటలు బతికిందని నేను అనుకున్నా. ఆవిడ చెప్పింది అది కాదు.”

మూడో మడత పెట్టారు.

“ఎంత అడిగినా ఇవ్వలేదని బావమరిది చెప్పాడు కూడా. నేనొచ్చి చూస్తానని పట్టుకుని కూర్చుంది. కదలని పిల్లని నాలుగు గంటలు. గుమ్మం వైపు చూస్తూనే ఉండుంటుంది.” కింద జాడీ వైపు చూశారు. “నేనిక్కడ ఇది నిండేదాకా కూర్చున్నా.”

“మీకు తెలీదు కదా.”

“తెలీదు. తరవాత పద్దెనిమిదేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం మేడమ్. పాప దగ్గరికి ఆలస్యంగా వెళ్లానని రోజూ అనుకున్నా. ఆవిడ దగ్గరికి ఆలస్యంగా వెళ్లానని ఒక్కరోజు కూడా తట్టలేదు. ఆవిడ ఒక్కసారీ అనలేదు.”

ఆ తరవాత ఆయన చేసిన పని, నాకు తెలిసినంతలో, ఆ గదిలో అంతకు ముందెప్పుడూ చేయలేదు. జాడీ సగం కూడా నిండకముందే చెయ్యి చాచి హీటరు స్విచ్చి ఆపారు. టైము చూశాను. పదకొండూ నలభై అయిదు. కాగితం జేబులో పెట్టుకున్నారు. తాళంచెవుల దారం మేకు మీది నుంచి తీసి, రెండు తాళంచెవుల్నీ వెలుగులో పరీక్షగా చూసి, ముడి విప్పి, స్టిల్ గదిది తొట్టి గట్టు మీద పెట్టారు.

“ఇవాళ్టికి వెళ్తాను మేడమ్. నీళ్లు ఒక పది నిమిషాలు—”

“నేను చూస్తాను.”

హీటరు ఆపాక కూడా కండెన్సరు గొట్టాల్లో చన్నీరు పది నిమిషాలు పారాలి, లేకపోతే లోపల మిగిలిన వేడికి అతుకులు వదులవుతాయి. ఆయన ఎన్నడూ ఇంకొకరికి వదలని పని అది. మెట్లు దిగి, గేటు వైపు నడిచి వెళ్తుంటే కిటికీలోంచి కనిపించారు. ఆ వేళకు గేటు దాటడం చూసి వాచ్‌మన్ లేచి నిలబడి ఏదో అడిగాడు. ఆయన ఆగి జవాబు చెప్పి, వెళ్లిపోయారు.

స్టూలు మీద కూర్చున్నాను. చినుకుల మధ్య ఎడం పెరుగుతూ వచ్చింది. మూడు సెకన్లు, ఏడు, పదిహేను. పది నిమిషాలలో వాచీ నాలుగుసార్లు చూసుకున్నాను. తరవాత కుళాయి కట్టేసి, అయిదు మిల్లీలీటర్లు తీసి, సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి, కిటికీకి ఎత్తి పట్టుకున్నాను. మబ్బు లేదు. జాడీ మీద తేదీ రాశాను. రిజిస్టరులో ఆ రోజు గడిలో, అంతకు ముందు పేజీల నిండా పదహారు, ఇరవై అని ఉన్న చోట, ఏడు లీటర్లని రాసి సంతకం పెట్టాను.

మర్నాడు తొమ్మిదింటికి స్టిల్లయ్య వచ్చారు. తొట్టి గట్టు మీది తాళంచెవి తీసుకుని జేబులో వేసుకున్నారు. ఇంటి తాళంచెవితో కలిపి మళ్లీ దారానికి కట్టలేదు.